మన పాట, ఇంకొకరి గొంతు

(హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో ఇచ్చిన ప్రసంగం ఇది. సభలో ఎక్కువమంది కాలేజీ బ్యాండ్‌ల పిల్లలు, సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు. పాటలు వినిపించిన చోట్లను కుండలీకరణాల్లో సూచించాం. చివర్లో ప్రేక్షకుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ పేరు చెప్పగానే మనందరికీ చెవిలో మోగేది చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు. నేను మాత్రం అతనికంటే ముందు ఆ మైకు దగ్గర నిలబడిన మనిషితో మొదలుపెడతాను. అతని పేరు మార్క్ వేక్‌ఫీల్డ్. లాస్ ఏంజెలెస్ దగ్గర అగౌరా హిల్స్ అనే ఊరి కుర్రాళ్లు 1996లో ‘జీరో’ అనే బ్యాండ్ పెట్టుకున్నారు. మైక్ షినోడా ర్యాప్ చేస్తే, వేక్‌ఫీల్డ్ పాడేవాడు. ఒక డెమో టేపు, అంటే నమూనా టేపు, చేసుకుని రికార్డు కంపెనీల చుట్టూ తిరిగారు. ఎవరూ తీసుకోలేదు. వేక్‌ఫీల్డ్ వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో వాళ్లు చేసుకున్న డెమోల్లో ‘రైన్‌స్టోన్’ అనే పాట ఒకటి, ‘ఈసాల్’ అనే పాట ఒకటి ఉన్నాయి. మీరు ఆ పేర్లు విని ఉండకపోవచ్చు, పాటలు మాత్రం విన్నారు. ‘రైన్‌స్టోన్’ తర్వాత ‘ఫర్గాటెన్’ అయింది. ‘ఈసాల్’ తర్వాత ‘ఎ ప్లేస్ ఫర్ మై హెడ్’ అయింది. ‘హైబ్రిడ్ థియరీ’ సీడీ లోపలి కాగితం తీసి చూడండి, ‘రనవే’తో సహా ఈ మూడు పాటల రచనలో వేక్‌ఫీల్డ్ పేరు ఇప్పటికీ ఉంటుంది.

1999 మార్చిలో బ్యాండ్ డెమో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉన్న చెస్టర్‌కి చేరింది. తన 23వ పుట్టినరోజు పార్టీని పక్కన పెట్టి, స్టూడియోకి పోయి, ఆ పాటల మీద తన గొంతు రికార్డ్ చేసి పంపాడు. అంటే లింకిన్ పార్క్ కథలో మొట్టమొదటి అతిథి గాయకుడు చెస్టరే. ఇంకొకరి కోసం కట్టిన బాణీల్లోకి వచ్చి, అవి తన కోసమే పుట్టాయని ప్రపంచం మొత్తాన్ని నమ్మించాడు. ఈ విషయం గుర్తుపెట్టుకుని మిగతాది వినండి. ఎందుకంటే మూడేళ్ల తర్వాత అదే చెస్టర్, అదే పాటల తలుపులు తీసి, పాడుకోమని వేరేవాళ్లను లోపలికి పిలిచాడు. ఆ ఆల్బమ్ పేరు ‘రీఅనిమేషన్’. ఈ సాయంత్రం మాట్లాడబోయేది దాని గురించే.

(‘ఎ ప్లేస్ ఫర్ మై హెడ్’ మొదటి నిమిషం వినిపించారు.)

‘హైబ్రిడ్ థియరీ’ 2000 అక్టోబర్ 24న వచ్చింది. 12 పాటలు, 38 నిమిషాల లోపే. 2001లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్ అదే. ‘క్రాలింగ్’ పాటకు 2002లో గ్రామీ వచ్చింది. మన దగ్గర కూడా ఆ రోజుల్లో ఇంజనీరింగ్ హాస్టళ్లలో, అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ గదుల్లో, ఎంపీ3 పాటలు నింపిన సీడీల్లో, సైబర్ కేఫ్‌ల కంప్యూటర్లలో ఈ పాటలు తిరిగాయి. రాక్ సంగీతం అంటే ఏంటో తెలియని కుర్రాళ్లు కూడా ‘ఇన్ ది ఎండ్’ పియానోని గుర్తుపట్టేవాళ్లు. ఆ పాటలు మన ఊళ్లో ఎందుకంత పట్టుకున్నాయో వేరే రోజు మాట్లాడుకుందాం. అది పెద్ద కథ.

అంత పెద్ద విజయం తర్వాత బ్యాండ్‌లు సాధారణంగా ఏం చేస్తాయి? అలాంటిదే ఇంకోటి చేస్తాయి. వీళ్లు రెండో ఆల్బమ్ కంటే ముందు, 2002 జులై 30న, మొదటి ఆల్బమ్‌నే ముక్కలు చేసి మళ్లీ కట్టి బయటికి తెచ్చారు. పనంతా షినోడా ముందుండి నడిపించాడు. పాటల ట్రాకులు విడదీసి, అంటే డ్రమ్స్ వేరు, గిటార్ వేరు, గొంతులు వేరు చేసి, తమకు ఇష్టమైన హిప్‌హాప్ నిర్మాతలకు, ర్యాపర్లకు, వేరే రాక్ బ్యాండ్‌ల గాయకులకు అప్పగించారు. 20 ట్రాకులు వచ్చాయి. పాటల పేర్లలో అచ్చులు కూడా ఎగరగొట్టి, మధ్యలో అంకెలు, గుర్తులు పెట్టారు. పాత సీడీల్లో ఆ పేర్లు చూసి ఇది వైరస్ ఫైలేమో అని భయపడి తీసేసినవాళ్లు కూడా మన దగ్గర ఉన్నారు.

ఎవరెవరు వచ్చారో కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే అసలు సంగతి ఆ ఎంపికలోనే ఉంది.

‘వన్ స్టెప్ క్లోజర్’ మీకు తెలుసు. గిటార్ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరస, గోడను గుద్దినట్టు వస్తుంది. మధ్యలో చెస్టర్ అరుస్తాడు, స్టేడియం అంతా అరుస్తుంది. ‘రీఅనిమేషన్’లో దాన్ని హంబుల్ బ్రదర్స్ అనే జంట చేతికిచ్చారు. వాళ్లు ఆ రిఫ్‌నే వెనక్కి నెట్టారు. వేగం తగ్గించి, యంత్రాల చప్పుళ్ల మీద పాటను పాకించారు. ఆ నిదానంలోకి కార్న్ బ్యాండ్ గాయకుడు జోనథన్ డేవిస్ వస్తాడు. డేవిస్ గొంతులో ఒక వణుకు ఉంటుంది, దగ్గరగా వచ్చి చెవిలో బెదిరించినట్టుంటుంది. చెస్టర్ కోపం బయటికి పేలుతుంది, డేవిస్ కోపం లోపలే తిరుగుతుంది. మాటలు చాలావరకు అవే, కోపం మాత్రం వేరే మనిషిది.

(రెండు పాటల్లోని భాగాలు ఒకదాని వెంట ఒకటి వినిపించారు.)

చూశారా? రెండోది వినేటప్పుడు మన తల ఊగడం ఆగిపోతుంది. ఇక్కడ కూర్చున్న వాళ్లను నేను గమనించాను, మొదటి పాటకు కాళ్లు ఆడాయి, రెండోదానికి అందరూ కదలకుండా విన్నారు.

‘ఫర్గాటెన్’ తీసుకోండి. వేక్‌ఫీల్డ్ పాడాడు, తర్వాత చెస్టర్ పాడాడు. ఇప్పుడు దాన్ని ఆల్కెమిస్ట్ అనే హిప్‌హాప్ నిర్మాతకిచ్చారు. జురాసిక్ 5 గ్రూపులోని చాలీ టూనా వచ్చాడు. ఆ మనిషిది బావిలోంచి వచ్చినంత లోతైన గొంతు. గిటార్ మోతకు బదులు మెత్తటి బీట్, దాని మీద ఆ గొంతు. ఇందులో అతను చెస్టర్‌లా పాడే ప్రయత్నం ఒక్క క్షణం కూడా చేయడు. తన చరణం తాను రాసుకొచ్చాడు.

‘ఎ ప్లేస్ ఫర్ మై హెడ్’ని కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నుంచి వచ్చిన జాయన్ ఐ అనే హిప్‌హాప్ గ్రూపు చేతిలో పెట్టారు. బీట్ ఆంప్ లైవ్‌ది, ర్యాప్ జాయన్‌ది. అసలు పాటలో చెస్టర్ గుసగుసతో మొదలుపెట్టి అరుపు దాకా ఎక్కించే ఘట్టం ఉంది కదా, అభిమానులకు ప్రాణం అది. అలాంటి పాటను తీసుకెళ్లి ర్యాపర్ చేతిలో పెట్టడానికి ధైర్యం కావాలి. పాట మీద నమ్మకం ఉండాలి.

‘క్రాలింగ్’ సంగతి వేరు. దీన్ని షినోడా తనే మళ్లీ కట్టాడు. వయొలిన్లతో మొదలవుతుంది. మూడున్నర నిమిషాల పాటను ఐదున్నర నిమిషాలకు పైగా లాగాడు. స్టెయిండ్ బ్యాండ్ గాయకుడు ఆరన్ లూయిస్‌ది మందమైన, బరువైన గొంతు. పాట ముందుకెళ్లాక అతను వస్తాడు, అప్పటిదాకా ఒక్కడి బాధలా ఉన్నది ఇద్దరిదవుతుంది. ఆల్బమ్ ముగిసేది ఈ పాటతోనే. నా వరకు ఆ 20 ట్రాకుల్లో తలమానికం ఇదే.

ఇంకొకటి, ‘మై డిసెంబర్’. ఇది ‘హైబ్రిడ్ థియరీ’లోని 12 పాటల్లో లేదు, ‘వన్ స్టెప్ క్లోజర్’ని సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదల చేసినప్పుడు దాని వెనకాల వచ్చింది. దీనికి స్నీకర్ పింప్స్ బ్యాండ్‌లో ఒకప్పుడు పాడిన కెల్లీ అలీని పిలిచారు. ఆడగొంతు. మగవాళ్ల కోపం, మగవాళ్ల ఒంటరితనం నిండిన ఆ పాటల మధ్య ఆమె గొంతు వినగానే గది మారిపోయినట్టుంటుంది. ఆమె ఉన్నది ఆ ఒక్క పాటలోనే. ఇంకా ఇద్దరు ముగ్గురు స్త్రీలను పిలిచి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ‘పాయింట్స్ ఆఫ్ అథారిటీ’ని ఆర్జీ బ్యాండ్ గాయకుడు జే గోర్డన్ చేశాడు, సింగిల్‌గా వచ్చింది ఇదే. ‘పుషింగ్ మీ అవే’లో టాప్‌రూట్ గాయకుడు స్టీఫెన్ రిచర్డ్స్ ఉన్నాడు. ‘ఇన్ ది ఎండ్’ కట్‌మాస్టా కర్ట్ బీట్ మీద మోషన్ మ్యాన్ ర్యాప్‌తో వచ్చింది. అది నాకు అంతగా ఎక్కదు. ఆ పాటకున్న నిస్సహాయత అందులో జారిపోయింది.

ఇప్పుడు మన సంగీతం వైపు వద్దాం. ఇదేదో కొత్త వింత అనుకోకండి. బతుకమ్మ ఆడినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? (చాలామంది చేతులెత్తారు.) ‘ఉయ్యాలో’, ‘చందమామ’, ‘కోల్’, ఈ మకుటాలు ఊరూరా అవే. చప్పట్ల నడక అదే. కానీ ముందు పాడే ఆమె మారితే చరణం మారుతుంది. ఒక వాడలో అత్తగారింటి కష్టం వస్తుంది, ఇంకో వాడలో ఆ ఏడు నిండని చెరువు వస్తుంది, తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉద్యమమే వచ్చింది. దాన్ని ఎవరూ ‘పాట చెడగొట్టావు’ అనలేదు. మకుటం అందరిది, చరణం పాడే మనిషిది. ‘రీఅనిమేషన్’ పద్ధతి కూడా దాదాపు ఇదే. చాలా పాటల్లో చెస్టర్ పల్లవి మిగిలింది, చరణం అతిథిది. చాలీ టూనా చేసింది మన ఊళ్లో ముందు పాడే అక్క చేసే పనే.

కచేరీ సంగీతంలోనూ ఒక విషయం ఉంది, అది బ్యాండ్‌లవాళ్లు తప్పకుండా ఆలోచించాలి. మన దగ్గర శ్రుతి పాడేవాళ్లది. పురుషులు చాలామంది హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు, స్త్రీలు ఐదు, ఐదున్నర దగ్గర. గాయని మారితే వయొలిన్, మృదంగం, తంబూరా అన్నీ ఆమె శ్రుతికి మారతాయి. రాక్ బ్యాండ్‌లో దీనికి తిరగేసి జరుగుతుంది. రిఫ్ గిటార్ మీద పుడుతుంది, లావు తీగను వదులు చేసి, కింది స్వరంలో మోగేలా పెట్టుకుంటారు. ఆ తీగ ఎక్కడ మోగితే పాట అక్కడే స్థిరపడుతుంది. గాయకుడు దానికి తగ్గట్టు ఎక్కాలి, దిగాలి. అందుకే ఇంకొకరు వచ్చి పాడాలంటే చిక్కొస్తుంది. శ్రుతి మారిస్తే రిఫ్ బరువు పోతుంది, మార్చకపోతే వచ్చినవాళ్ల గొంతు పగులుతుంది.

‘రీఅనిమేషన్’ దీన్ని దాటిన తీరు చూడండి. గిటార్‌నే చాలాచోట్ల పక్కన పెట్టింది. తీగ బలవంతం పోయాక అతిథికి ఊపిరాడింది. అతిథిని పిలిచి హాల్లో సోఫా మీద కూర్చోబెడితే ఆమె కాఫీ తాగి వెళ్లిపోతుంది. వంటింట్లోకి రానిస్తేనే ఆమె చేతి వంట మనం తింటాం. బ్యాండ్‌లు అతిథి గాయకులను పిలిచి చేసే పాటల్లో ఎక్కువ భాగం సోఫా దగ్గరే ఆగిపోతాయి. రెండో చరణం ఆమెతో పాడించి, పోస్టర్ మీద ఫొటో వేస్తారు, అంతే.

ఇతర బ్యాండ్‌లు ఏం చేశాయని మీరు అడగొచ్చు. అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా 2021 సెప్టెంబర్‌లో ‘ది మెటాలికా బ్లాక్‌లిస్ట్’ విడుదల చేసింది. వాళ్ల 1991 నాటి 12 పాటల ఆల్బమ్‌ను 53 మంది కళాకారులు, గ్రూపులు తమ తమ పద్ధతుల్లో పాడారు. ఒకే పాటకు పది పన్నెండు రూపాలు కూడా ఉన్నాయి. మన దేశం నుంచి విశాల్ దద్లానీ, డివైన్, షోర్ పోలీస్ కలిసి ‘ది అన్‌ఫర్‌గివెన్’ చేశారు. వచ్చిన డబ్బు సేవా సంస్థలకు వెళ్లింది. గొప్ప పని, అందులో సందేహం లేదు. కానీ అక్కడ చాలావరకు బ్యాండ్ దూరంగా నిలబడింది. అతిథి ఇంకెక్కడో కూర్చుని తన పని తాను చేసుకున్నాడు. ఎక్కువ పాటల్లో ఒకరి గొంతును ఒకరు తాకలేదు. ‘రీఅనిమేషన్’లో చెస్టర్ గొంతు, డేవిస్ గొంతు ఒకే పాటలో ఒరుసుకుంటాయి. నాకు నచ్చేది ఆ ఒరుసుకోవడమే.

లింకిన్ పార్కే 2004లో ర్యాపర్ జే-జీతో ‘కొలిజన్ కోర్స్’ చేసింది. అది ఇద్దరి పాటల్ని ఒకదాని మీద ఒకటి వేయడం. ‘నంబ్/ఎన్‌కోర్’కి 2006లో గ్రామీ వచ్చింది. 2013లో ‘రీచార్జ్‌డ్’ వచ్చింది. అందులో ఎక్కువ భాగం డ్యాన్స్ బీట్లే, కొత్త గొంతులు తక్కువ. కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగను.

ఇక్కడ చెస్టర్ గురించి ఒక మాట. 2002లో అతనికి 26 ఏళ్లు. ప్రపంచంలో అతని గొంతుకు గిరాకీ బాగా ఎక్కువగా ఉన్న సమయం అది. ఆ సమయంలో తన గొంతును కత్తిరించడానికి, వెనక్కి తిప్పడానికి, ముక్కలు చేసి బీట్‌గా వాడుకోవడానికి ఒప్పుకున్నాడు. తన పాటలో సగం చోటు వేరేవాళ్లకిచ్చాడు. మన సినిమా రంగంలో అయినా, పబ్ బ్యాండ్‌లో అయినా ఇది ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. తను ఇంకొకరి పాటల్లోకి వచ్చినవాడు కాబట్టే అంత సులువుగా ఇచ్చాడేమో అని నేను అనుకుంటాను.

2017 జులై 20న చెస్టర్ మనల్ని విడిచి వెళ్లిపోయాడు. 41 ఏళ్లకే, తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఇక్కడున్న పిల్లలకు ఒక్క మాట. లోపల బరువు మోయలేనట్టు అనిపిస్తే ఎవరో ఒకరితో మాట్లాడండి, ఆ రోజే మాట్లాడండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అదే ఏడాది అక్టోబర్ 27న లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో బ్యాండ్ అతని కోసం కచేరీ చేసింది. చాలా పాటలకు ఒక్కో అతిథి. బ్రింగ్ మీ ది హొరైజన్ గాయకుడు ఆలీ సైక్స్ ‘క్రాలింగ్’ పాడాడు. జపాన్ బ్యాండ్ వన్ ఓకే రాక్ నుంచి టకాహిరో మోరియుచి వచ్చి ‘సమ్‌వేర్ ఐ బిలాంగ్’ పాడాడు. ‘వన్ స్టెప్ క్లోజర్’ ఎవరు పాడారో తెలుసా? జోనథన్ డేవిస్. అంతకు పదిహేనేళ్ల ముందు ఆ పాటను నిదానం చేసి, తన కోపం నింపి పాడిన మనిషే మళ్లీ వచ్చాడు. ఈసారి అసలు రూపంలో, ఆ రిఫ్ మీదే, అరుపులతో సహా పాడాడు.

‘నంబ్’ వచ్చేసరికి మాత్రం ఎవరినీ పిలవలేదు. బ్యాండ్ వాయించింది, మైకు దగ్గర ఎవరూ లేరు, జనమే పాడారు. ఎప్పుడు అతిథిని పిలవాలో తెలిసినవాళ్లకు ఎప్పుడు పిలవకూడదో కూడా తెలిసింది.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్‌లో అసీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూ పాడేవాడు. 2009 డిసెంబర్ 25న పోయాడు. ఆ ఒక్క మనిషి చోటులోకి ఇద్దరు వచ్చారు, తబలాకు తుహీన్ చక్రవర్తి, పాటకు హిమాంశు జోషి. 2014లో ఆ బ్యాండ్ ‘తందాను’ ఆల్బమ్‌లో పాట పాటకీ ఒక్కో అతిథిని పిలిచింది. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్ లాంటివాళ్లు వచ్చారు. మన పక్కనే ఇలాంటి పని జరుగుతుంటే మన బ్యాండ్‌లు ఎక్కువగా విన్నట్టు కనపడదు. వినండి.

ఇప్పుడు మన ఊరి గురించి మాట్లాడాలి. హైదరాబాద్‌లో బ్యాండ్‌లకు ఇవాళ పని దొరుకుతోంది, సంతోషం. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో వారాంతం వస్తే ఏదో ఒక చోట స్టేజీ ఉంటుంది. కానీ అక్కడ అడిగేది హిట్ పాటలు, అదీ రికార్డులో ఉన్నట్టే. గాయకుడు ఒక్క స్వరం వేరేగా వేస్తే ‘ఒరిజినల్ లాగా లేదు’ అంటారు. ఈ టెన్షన్‌లో బ్యాండ్ సొంత పాటలు జామ్ రూమ్‌లోనే ఉండిపోతాయి. ఒకవేళ బయటికొచ్చినా వాటిని రాసినవాడే పాడాలి, వేరేవాళ్లు ముట్టుకోకూడదు అనే పట్టుదల ఒకటి. చార్మినార్ దగ్గర ఖవ్వాలీ పాడే కుటుంబాలు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కీర్తనలు పాడే పిల్లలు, ఊళ్ల నుంచి వచ్చి ఒగ్గుకథ చెప్పేవాళ్లు, ఉర్దూలో, తెలుగులో కలిపి ర్యాప్ చేసే పాతబస్తీ కుర్రాళ్లు, అందరూ ఈ ఊళ్లోనే ఉన్నారు. మీ ఐదు పాటలు తీసుకెళ్లి ఈ ఐదుగురికి ఇస్తే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. నాకైతే ఆ ఆల్బమ్ వినాలని చాలా ఆశగా ఉంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ లింకిన్ పార్క్‌లోకి గాయనిగా వచ్చింది. ఆమెను అతిథి అనుకోవాలా, చెస్టర్ చోటు తీసుకున్న మనిషి అనుకోవాలా? చాలామంది ఫ్యాన్స్‌కి కోపంగా ఉంది.

జవాబు: ఫ్యాన్స్ బాధ నాకు అర్థమవుతుంది, అది ప్రేమలోంచి వచ్చింది. అయితే ఆమె పాడాక 2024 నవంబర్ 15న వచ్చిన ఆల్బమ్ పేరు ‘ఫ్రమ్ జీరో’. ఆ పేరులో పాత బ్యాండ్ ‘జీరో’ ఉంది, వేక్‌ఫీల్డ్ పాడిన రోజులు ఉన్నాయి. చెస్టర్ కంటే ముందు నుంచి లెక్క మొదలుపెడుతున్నామని బ్యాండే చెప్తోంది. ఎమిలీ కొత్త పాటల్లో పూర్తిగా తనలాగే పాడుతుంది. పాత పాటలు పాడేటప్పుడు ఆమె మీద పడే బరువు ఇంకెవరి మీదా పడదు. నేను ఆమెను పోల్చుతూ వినను. ఆ ఆల్బమ్‌లోని ‘ది ఎంప్టీనెస్ మెషీన్’ ముందు వినండి, పాత పాటలు తర్వాత వినండి. వరస మారిస్తే చెవి మారుతుంది.

ప్రశ్న: అన్నా, మాది ఇంజనీరింగ్ కాలేజీ బ్యాండ్. నాలుగు సొంత పాటలున్నాయి. మీరు చెప్పినట్టు వేరేవాళ్లకు ఇవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రికార్డింగ్ దగ్గర మొదలుపెట్టు తమ్ముడూ. మిక్స్ అయిపోయిన పాట ఒక్కటే ఇస్తే వాళ్లు ఏమీ చేయలేరు. ప్రతి ట్రాకూ విడిగా తీసి పెట్టుకో. అన్నీ ఒకే చోట నుంచి, పాట మొదటి క్షణం నుంచి మొదలవ్వాలి, మధ్యలో ఖాళీ ఉన్నా సరే. లేకపోతే అవతలివాళ్లు వాటిని అతికించడానికే వారం పోతుంది. గొంతు ట్రాక్ ఎకో, రివర్బ్ లేకుండా ఒకటి ఇవ్వు, ఉన్నది ఒకటి ఇవ్వు. పాట వేగం, శ్రుతి, సాహిత్యం ఒక కాగితం మీద రాసి జత చెయ్యి. ఆ తర్వాత ‘ఇలా చెయ్యండి’ అని చెప్పకు. మొదటి రూపం వచ్చేదాకా ఫోన్ కూడా చేయకు. మీ అందరికీ నచ్చిన రిఫ్ వాళ్లు తీసేసి ఉండొచ్చు. రెండు మూడు రోజులు విన్నాకే మాట్లాడండి.

ప్రశ్న: లీగల్‌గా ఏమైనా చూసుకోవాలా సార్? తర్వాత గొడవలు వస్తాయని భయం.

జవాబు: మంచి ప్రశ్న. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. అందులో 31సి సెక్షన్ కవర్ వెర్షన్ల గురించి చెప్తుంది. పాట మొదటిసారి రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడిస్తే, నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందుగా కట్టి కవర్ చేయొచ్చు. కానీ ఆ దారిలో సాహిత్యాన్ని, బాణీని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. మనం మాట్లాడుకుంటున్నది మార్చడం గురించే కాబట్టి ఆ సెక్షన్ మీకు పనికిరాదు, హక్కుదారు అనుమతి కావాలి. మీ పాటలకు హక్కుదారులు మీరే అయితే పని సులువు. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. అతిథి కొత్త చరణం రాస్తే రచనలో వాటా ఎంత, రికార్డింగ్‌లో వాటా ఎంత, అందులో శాతాలు వేయండి. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు పాటల రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యులుగా చేరి, పాటను అక్కడ నమోదు చేయండి. పాడటానికి ముందే సంతకాలు అయిపోవాలి. స్నేహితులం కదా అని వదిలేయకండి, వేక్‌ఫీల్డ్ బ్యాండ్‌లోంచి వెళ్లిపోయాక కూడా ఆ మూడు పాటల్లో అతని పేరు ఉంచారు, మీరూ అలాగే ఉంచండి.